తోడికోడలిని పంపిస్తే క్లీనింగ్ ఫ్రీ

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది బొబ్బిలి. మా వీధి చివర ఒక పళ్ల క్లినిక్ ఉంది. నిరుడు నాకు అక్కడ రూట్ కెనాల్ చేశారు. నొప్పి తెలియకుండా, ఓపిగ్గా చేశారు. ఆఖరి రోజు కౌంటర్ దగ్గర అమ్మాయి ఒక కార్డు ఇచ్చింది. నా పేరు చెప్పుకుని ముగ్గురు కొత్తవాళ్లు వస్తే నాకు క్లీనింగ్ ఫ్రీ అట. అయిదుగురు వస్తే క్యాప్ మీద 1,000 రూపాయలు తగ్గిస్తారట. మా తోడికోడలు చల్లనీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటున్నాయంటే అక్కడికే వెళ్లమన్నాను. ఆవిడకు రెండు రూట్ కెనాళ్లు, రెండు క్యాపులు, ఒక జ్ఞానదంతం పీకడం, అన్నీ కలిపి 18,000 అవుతుందన్నారు. చీటీ మీద 36, 46, 38 అని ఏవో నంబర్లు రాసిచ్చారు. ఆ సాయంత్రమే నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ‘మీరు పంపిన ఫలానా గారు వచ్చారు, ధన్యవాదాలు, ఇంకో ఇద్దరు వస్తే మీ క్లీనింగ్ ఫ్రీ’ అని. ఫోన్ అప్పుడు ఆవిడ చేతిలోనే ఉంది. ‘నీ ఫ్రీ క్లీనింగ్ కోసం నన్ను ఇరికించావా’ అని అప్పటినుంచి నాతో మాటల్లేవు. నేను చేసింది తప్పా? డాక్టరు మోసం చేస్తున్నాడా? ఇంకో సంగతి. మా పాపకు ఏడేళ్లు, వెనక పళ్లు నల్లబడ్డాయి. ఊడిపోయే పాలపళ్లకు డాక్టరెందుకంటారు మావారు. మా అత్తగారు అడ్డపొగ తాగుతారు. ‘నా పళ్లు గట్టిగానే ఉన్నాయి, నన్నొదిలెయ్’ అంటారు. వీళ్లిద్దరినీ తీసుకెళ్తే కార్డు నిండిపోతుంది. తీసుకెళ్లాలా, వద్దా?

జవాబు: తీసుకెళ్లండమ్మా, ఇద్దరినీ తీసుకెళ్లండి. కార్డు మాత్రం ఇంట్లోనే వదిలేసి వెళ్లండి. ముందు మీ అత్తగారిని తీసుకెళ్లండి. మీ ఉత్తరంలో ఆవిడ గురించి చివర్లో రెండు ముక్కలు రాసి ఊరుకున్నారు గానీ, చదువుతుంటే నాకు టెన్షన్ పుట్టించింది మాత్రం ఆ రెండు ముక్కలే. దాని గురించి వివరంగా రాస్తాను. మీరు అడిగిన వరసలో ముందు తోడికోడలి సంగతి చూద్దాం.

మీకు బాగా చేసిన డాక్టరు పేరు ఇంకొకరికి చెప్పడం తప్పు కాదు. మన ఊళ్లలో పళ్ల డాక్టర్ని ఎవరైనా అలాగే వెతుక్కుంటారు. బోర్డు చూసి లోపలికి వెళ్లేవాళ్లు తక్కువ, ‘ఎవరికైనా చేయించావా, నొప్పెట్టిందా, ఎంత తీసుకున్నాడు’ అని అడిగి వెళ్లేవాళ్లే ఎక్కువ. మీరు కూడా ఆవిడ బాధ చూసి, మీకు మంచి జరిగిన చోటికే పంపారు. అయితే ఆ మాట వెనక మీకొక లాభం ఉందన్న సంగతి ఆవిడకు మీ నోటితో తెలియలేదు, మెసేజ్‌తో తెలిసింది. ఆవిడ కోపమంతా అక్కడే ఉంది. ‘వెళ్లు, నా పేరు చెప్పు, నాకు క్లీనింగ్ కూడా కలిసొస్తుంది’ అని నవ్వుతూ ముందే అనేసి ఉంటే ఆవిడా నవ్వేసేది. ఇప్పుడు కార్డు ఆవిడ ముందు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ క్లీనింగ్ నేను వాడుకోను అని కూడా చెప్పండి. క్లీనింగ్‌కి మన ఊళ్లలో అయ్యే డబ్బులు ఒక తోడికోడలి కంటే ఎక్కువేమీ కాదు.

ఇక ఆ మెసేజ్ పంపడం క్లినిక్ తప్పు. ఫలానా మనిషి మా దగ్గరికి వైద్యానికి వచ్చారని వాళ్ల అనుమతి లేకుండా మూడో మనిషికి చెప్పకూడదు. పంటి నొప్పే కదా అనిపించవచ్చు. కానీ ఎవరికి కట్టుడు పళ్లున్నాయో, ఎవరి నోట్లో మచ్చ చూసి ముక్క తీసి క్యాన్సర్ పరీక్షకు పంపారో బయటికి పొక్కితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈసారి వెళ్లినప్పుడు ఈ మాట డాక్టరుకే చెప్పండి, కౌంటర్ దగ్గర అమ్మాయికి కాదు. చాలా చోట్ల ఆ మెసేజ్ సాఫ్ట్‌వేర్ తనంతట తానే పంపిస్తుంది. డాక్టరు దాన్ని చదివి కూడా ఉండడు.

అసలు ఆ కార్డు అచ్చు వేయించొచ్చా అంటే, వేయించకూడదు. డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2014లో సవరించిన నైతిక నియమావళిలో ఈ సంగతి ఉంది. పేషెంట్‌ని పంపినందుకు, సిఫారసు చేసినందుకు ప్రతిఫలంగా బహుమతి గానీ కమీషన్ గానీ బోనస్ గానీ డాక్టరు ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు, ఇస్తానని ఆశ చూపకూడదు. ఆ నియమం డాక్టర్లకు వర్తిస్తుంది, మీకు కాదు. కాబట్టి మీరేదో నేరం చేసినట్టు దిగులు పడకండి. అది ముఖ్యంగా డాక్టర్ల మధ్య కమీషన్లు ఆపడానికి పెట్టింది, పేషెంటుకు క్లీనింగ్ ఫ్రీగా చేస్తే తప్పేముంది అని వాదించేవాళ్లున్నారు. నాకా వాదన ఎక్కదు. మనిషిని తెస్తే ప్రతిఫలం అన్నాక అది నోటు రూపంలో ఉన్నా క్లీనింగ్ రూపంలో ఉన్నా ఒకటే.

అలాగని ఆ డాక్టర్ని దొంగల లెక్కలో కట్టేయకండి. చిన్న ఊళ్లో పళ్ల క్లినిక్ నడపడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయిదేళ్ల బీడీఎస్ చదువు, తర్వాత బ్యాంకు అప్పు, కుర్చీ, కంప్రెసర్, సామాన్లు ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్, ఎక్స్‌రే మెషీన్, ప్రతి క్యాపుకీ ల్యాబ్ బిల్లు, వీటికి తోడు అద్దె. జనమేమో పన్ను నిద్ర పట్టనివ్వకపోతే తప్ప గుమ్మం తొక్కరు. లవంగ నూనెతో ఒక నెల, మందుల షాపు గోలీలతో ఇంకో నెల నెట్టుకొచ్చి, బుగ్గ వాచాక వస్తారు. పక్క వీధిలోనే ఇంకో క్లినిక్ తెరుస్తారు. ఇలాంటప్పుడు ఎవరో మార్కెటింగ్ సలహా ఇస్తారు, కార్డు అచ్చవుతుంది. ఆ డాక్టరు చెయ్యి మంచిదై ఉండొచ్చు, కార్డు మాత్రం చెడ్డది. మీకు జరిగిన రూట్ కెనాల్ బాగుందన్నది వాస్తవమే, దాన్ని ఈ గొడవలో మరిచిపోవద్దు. కౌన్సిల్‌కి ఫిర్యాదు దాకా వెళ్లే ముందు ఆయనతో ఒకసారి మాట్లాడండి. ‘మీ పేరు నలుగురికీ నేను ఎలాగూ చెబుతాను, ఈ కార్డు వల్ల నా మాటకు విలువ పోతోంది’ అనండి. తెలివైనవాడైతే ఆ కార్డు తీసేసి, దాని బదులు ప్రతి పేషెంటుకూ ఏ పన్నుకి ఏం చేయాలో, ఎంత అవుతుందో తెలుగులో రాసిన కాగితం ఇవ్వడం మొదలుపెడతాడు. అలా రాసిచ్చే క్లినిక్ పేరు ఏ బహుమతీ లేకుండానే ఊరంతా పాకుతుంది.

ఇప్పుడు 18,000 సంగతి. ఎక్స్‌రే చూడకుండా మోసమని గానీ కాదని గానీ నేను అనను. ఆ చీటీ ఎలా చదవాలో మాత్రం చెబుతాను, మిగతాది మీ తోడికోడలే తేల్చుకోగలదు.

ఆ నంబర్లు పళ్ల చిరునామాలు. మొదటి అంకె నోట్లో ఏ మూలో చెబుతుంది. కుడి పైన 1, ఎడమ పైన 2, ఎడమ కింద 3, కుడి కింద 4. రెండో అంకె ముందు పళ్ల మధ్య గీత నుంచి లెక్కపెడితే ఎన్నో పన్నో చెబుతుంది. అంటే 36 ఎడమ కింద ఆరో పన్ను, 46 కుడి కింద ఆరోది, 38 ఎడమ కింద అన్నిటికంటే వెనకనున్న జ్ఞానదంతం. పెద్దవాళ్లలో పుచ్చిపోవడానికి అన్నిటికంటే ముందుండేవి ఆ 36, 46లే. కాబట్టి ఆ రెండింటి పేరు చెప్పినంత మాత్రాన అనుమానపడక్కర్లేదు. ఎందుకు ముందుంటాయో మీ పాప దగ్గరికి వచ్చాక చెబుతాను.

చల్లనీళ్లకు జివ్వుమనడంలో రెండు రకాలున్నాయి. నీళ్లు మింగగానే రెండు మూడు సెకన్లలో తగ్గిపోతే లోపలి నరం ఇంకా బాగానే ఉన్నట్టే లెక్క. పుచ్చు ఉంటే తీసి ఫిల్లింగ్ చేస్తే చాలవచ్చు. పుచ్చు లేకుండా చిగురు కిందికి జారి వేరు బయటపడినందువల్ల జివ్వుమంటుంటే దానికి వేరే పేస్టు, పూత ఉన్నాయి. అలా కాకుండా నీళ్లు తాగిన తర్వాత నిమిషాల తరబడి సలుపుతున్నా, వేడికి పోటెక్కుతున్నా, ఏమీ తినకపోయినా రాత్రిపూట లేపి కూర్చోబెడుతున్నా నరం పాడైనట్టే. అప్పుడు ఆ నరం తీసి, లోపల శుభ్రంచేసి నింపే రూట్ కెనాల్ తప్పదు, లేకపోతే పన్ను పీకడమే. మీ తోడికోడలికి ఏ రకమో మీ ఉత్తరంలో లేదు. ఆవిడనే అడగండి, మాటలు కలవడానికి అదో దారి.

తర్వాత ఎక్స్‌రే. వేలంత ఫిల్మ్ గానీ, కంప్యూటర్ తెరమీద కనిపించే డిజిటల్ బొమ్మ గానీ తీసే ఉంటారు. ఆ బొమ్మ చూపించి ‘పుచ్చు ఎక్కడిదాకా వెళ్లిందో వేలుపెట్టి చూపించండి’ అని అడగమనండి. పంటి మధ్యలో నరం గది నల్లగా కనిపిస్తుంది. పై నుంచి దిగిన పుచ్చు నీడ ఆ గదిని తాకిందా లేదా అన్నది మామూలు కంటికీ చాలావరకు తెలుస్తుంది. వేరు కొస దగ్గర గుండ్రంగా నల్లమచ్చ ఉంటే లోపల చీము చేరిందని అనుమానించాలి. ఈ ప్రశ్నకు ఓపిగ్గా చూపించే డాక్టరు దగ్గర చేయించుకోవచ్చు. ‘నీకేం తెలుస్తుంది’ అని కసిరేవాడి దగ్గర్నుంచి ఎక్స్‌రే కాపీ తీసుకుని లేచి రావచ్చు. ఆ కాపీ పట్టుకుని విజయనగరం ప్రభుత్వాసుపత్రిలో డెంటల్ విభాగానికో, దగ్గర్లోని డెంటల్ కాలేజీకో వెళ్లి రెండో మాట అడగడంలో ఏ తప్పూ లేదు. కాలేజీల్లో ఖర్చు తక్కువ, కాకపోతే తిరగడం ఎక్కువ. ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పినా కంగారు పడకండి. పైపైన ఉన్న చిన్న పుచ్చుల విషయంలో ‘ఇప్పుడే నింపుదాం’, ‘కొన్నాళ్లు చూద్దాం’ అని నిజాయతీగానే తేడా వస్తుంది. నరం దాకా వెళ్లిన పుచ్చు మీద మాత్రం అంత తేడా రాకూడదు.

వెనక పళ్లకు రూట్ కెనాల్ అయ్యాక క్యాప్ వేయించుకోమనడం డబ్బు గుంజడం కాదు. లోపల తొలిచిన పన్ను నమిలే బరువుకు పగిలిపోతుంది. క్యాపుల్లో మెటల్, మెటల్ మీద సిరామిక్, జిర్కోనియా అని రకాలున్నాయి, ధరలో చాలా తేడా ఉంది. నవ్వితే కనపడని పంటికి అన్నిటికంటే ఖరీదైనదే వేయించుకోవాలని రూలేమీ లేదు. బిల్లు తగ్గే చోటు అదే. కార్డు మీద రాసిన 1,000 తగ్గింపు కంటే, ఏ రకం క్యాపు అని ఒక్కమాట అడిగితే ఎక్కువే మిగలవచ్చు.

జ్ఞానదంతం దగ్గర మాత్రం గట్టిగా నిలదీయమనండి. పదే పదే వాచినా, పక్క పన్నుని పాడుచేస్తున్నా, తనే పుచ్చిపోయినా తీయాలి. ఊరికే అడ్డంగా పడుకుని ఎవరి జోలికీ రాకుండా ఉన్న దాన్ని ముందు జాగ్రత్త పేరుతో తీసేయొద్దని బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ 2000లోనే మార్గదర్శకం ఇచ్చింది. ఆవిడ వచ్చింది జివ్వుమనడానికి, 38 వాచిందని మీరెక్కడా రాయలేదు. ‘అది ఇప్పుడు తీయకపోతే ఏమవుతుంది’ అని అడిగితే సరైన కారణం ఉంటే డాక్టరు చెబుతాడు. కింది పన్ను తీయిస్తే కంటిచూపు పోతుందని ఎవరైనా భయపెడితే దాన్ని మాత్రం పట్టించుకోవద్దు. పై పన్నుకైనా కింది పన్నుకైనా కంటిచూపుతో సంబంధం లేదు.

ఆ ఫ్రీ క్లీనింగ్ మీకు అవసరమా అంటారా? బ్రష్ చేసినప్పుడు రక్తం కనిపిస్తుంటే, పళ్ల లోపలివైపు గార నాలుకకు గరుకుగా తగులుతుంటే అవసరమే, డబ్బిచ్చి చేయించుకోండి. క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదిలిపోతాయని మనవాళ్లకు పెద్ద అనుమానం. చిగురుకూ పంటికీ మధ్య ఏళ్ల తరబడి గడ్డకట్టిన గార తీసేసరికి దాని వెనక చిగురు ఎంత తగ్గిపోయిందో అప్పుడు బయటపడుతుంది. సందులు కనిపిస్తాయి, కొన్నాళ్లు చల్లదనం తగులుతుంది. ఆ నష్టం గార వల్ల జరిగింది, తీసినందువల్ల కాదు. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే చిగుళ్ల విషయంలో అశ్రద్ధ వద్దు. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్లు పాడైతే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. ఇక ప్రతి ఆరు నెలలకూ ప్రతి ఒక్కరూ డాక్టరుకి చూపించుకోవాలన్న మాట అన్ని క్లినిక్కుల గోడల మీదా ఉంటుంది గానీ, అందరికీ ఒకే గడువు పెట్టడం సరికాదు. బ్రిటన్‌లో 2004 నుంచి పెద్దవాళ్లకు నోటి పరిస్థితిని బట్టి మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా గడువు చెబుతున్నారు. పిల్లలకు మాత్రం ఏడాది దాటనివ్వరు. మీ గడువెంతో మీ డాక్టర్నే తేల్చి చెప్పమనండి.

పాప విషయంలో మీవారు చెప్పింది సగం నిజం. పాలపళ్లు ఊడిపోతాయి, కానీ వెనకవి పదకొండు పన్నెండేళ్ల దాకా నోట్లోనే ఉండాలి. అంటే ఆ నల్లపళ్లతో పాప ఇంకో నాలుగైదేళ్లు నమలాలి. నొప్పి వల్ల ఒకవైపే నమలడం, రాత్రిళ్లు ఏడవడం, చీము చేరితే జ్వరం. ముందే పీకేస్తే పక్కపళ్లు ఆ ఖాళీలోకి జరిగి, కింద నుంచి రావలసిన శాశ్వత పన్ను వంకరగా వస్తుంది. తర్వాత క్లిప్పులకయ్యే ఖర్చు ముందు ఇప్పటి ఫిల్లింగ్ ఏపాటి?

అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. పాప నోరు తెరిపించి పాలపళ్ల వరస చివర, బాగా వెనక చూడండి. ఆరేళ్ల వయసులో ఏ పన్నూ ఊడకుండానే అక్కడ నాలుగు కొత్త పళ్లు మొలుస్తాయి. అవి శాశ్వత దంతాలు, జీవితాంతం ఉండాల్సినవి. ఏదీ ఊడకుండా వచ్చాయి కాబట్టి చాలామంది తల్లిదండ్రులు అవీ పాలపళ్లే అనుకుని వదిలేస్తారు. వాటి నంబర్లు 16, 26, 36, 46. మీ తోడికోడలి చీటీలో ఉన్న రెండూ ఇవే పళ్లు. ఆవిడకూ ఆరేళ్లప్పుడే వచ్చి ఉంటాయి. నోట్లో అన్నిటికంటే ఎక్కువ కాలం ఉండేవీ, లోతైన గాడులున్నవీ, పిల్లల బ్రష్‌కి అందనివీ అవే. అందుకే అవి ముందు పుచ్చుతాయి. పాపకు ఆ నాలుగు పళ్ల గాడులను సీలెంట్ అనే పూతతో మూసేయొచ్చు. డ్రిల్ ఉండదు, నొప్పి ఉండదు. డాక్టర్ని మీరే పేరుపెట్టి అడగండి, అడగకపోతే రద్దీలో మరిచిపోతారు. నల్లబడిన పాలపళ్లలో లోతు లేనివాటికి ఫిల్లింగ్ చేస్తారు. పాప కుర్చీ ఎక్కడానికే ఏడిస్తే ఎస్‌డీఎఫ్ అనే వెండి కలిసిన మందు పూస్తారు. అది పుచ్చుని ఆపుతుంది, ఆ చోటు మాత్రం బొగ్గులా నల్లగా మారుతుంది. ముందే తెలిస్తే మీరు కంగారు పడరు.

ఇంట్లో చేయాల్సింది చాలామందికి తెలిసిందే, కాబట్టి తెలియని రెండు మూడు ముక్కలే రాస్తాను. రాత్రి బ్రష్ ఉదయం దానికంటే ముఖ్యం. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, పళ్లను కాపాడేది అదే. ఏడేళ్ల పిల్ల తనంతట తాను వెనక పళ్లు తోముకోలేదు, ఇంకో ఏడాదైనా మీరే వెనక నిలబడి తోమాలి. పేస్టు డబ్బా మీద, పుచ్చుని అడ్డుకునే ఫ్లోరైడ్ 1,000 పీపీఎం దాకా ఉందో లేదో చూడండి, వేపా లవంగం బొమ్మలు చూసి కొనకండి. శనగగింజంత పేస్టు చాలు. తోమాక ఉమ్మేయాలి గానీ నీళ్లు పోసి పదిసార్లు పుక్కిలిస్తే ఆ ఫ్లోరైడ్ కాస్తా కొట్టుకుపోతుంది. నల్గొండ, ప్రకాశం వైపు పాఠకులు ఫ్లోరైడ్ అనగానే ఉలిక్కిపడతారని తెలుసు. అక్కడ పళ్ల మీద గోధుమరంగు చారలు తెచ్చింది తాగేనీళ్లు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వచ్చేవి అవి, క్లీనింగ్‌తో పోవు. పేస్టు పళ్లకు రాసి ఉమ్మేసేది. అక్కడి చిన్నపిల్లలు దాన్ని మింగకుండా చూసుకుంటే చాలు. తీపి విషయంలో ఎంత తిన్నారన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నారన్నదే పళ్లకు ముఖ్యం. తిన్న ప్రతిసారీ నోట్లోని సూక్ష్మజీవులు చక్కెరతో ఆమ్లం తయారుచేస్తాయి. అది తగ్గడానికి అరగంట పైనే పడుతుంది. బెల్లం జీడి ముక్క భోజనంతో పాటు పెట్టేయండి, సాయంత్రమంతా చేతికిచ్చి తిప్పకండి.

ఇప్పుడు మీ అత్తగారు. అడ్డపొగ అంటే తెలియని ప్రాంతాల పాఠకుల కోసం చెబుతున్నాను. చుట్ట వెలిగించిన కొసను నోటి లోపల పెట్టుకుని పొగ తాగడం. ఉత్తరాంధ్రలో, ముఖ్యంగా ఆడవాళ్లలో ఉన్న అలవాటు. గాలికి ఆరదు, బూడిద రాలదు, పని చేసుకుంటూ తాగొచ్చని సమర్థించుకుంటారు. ఆ నిప్పు వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. మన దేశంలో మిగతా చోట్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపల వస్తుంది, అంగిలి మీద అరుదు. అడ్డపొగ తాగేవాళ్లకు అక్కడే వస్తుంది. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో పదివేల మందికి పైగా నోళ్లు తెరిపించి చూసి, అడ్డపొగకూ అంగిలి మచ్చలకూ ఉన్న సంబంధాన్ని 1971లోనే ఒక వైద్యపత్రికలో అచ్చువేశారు. అప్పటికి మీ బొబ్బిలి కూడా శ్రీకాకుళం జిల్లాలోదే.

‘పళ్లు గట్టిగానే ఉన్నాయి’ అని ఆవిడ చెప్పేది నిజమే కావచ్చు. కానీ చూడాల్సింది పళ్లను కాదు. ఇంట్లోనే ఒక పని చేయండి. పగటి వెలుగులో కుర్చీలో కూర్చోబెట్టి, తల వెనక్కి వాల్చమని, ఫోన్ లైటు వేసి అంగిలి చూడండి. కట్టుడు పళ్లుంటే తీయించి చూడండి. తెల్లగా మందంగా మారి మధ్యలో ఎర్రటి చుక్కలు కనిపిస్తే అది అడ్డపొగ గుర్తు. ఎర్రటి మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, గడ్డలా లేచిన చోటు, ముట్టుకుంటే రక్తం వచ్చే చోటు కనిపిస్తే ఆ వారంలోనే తీసుకెళ్లాలి. మొదట్లో నొప్పి ఉండదు, అందుకే ఆవిడ ఏమీ లేదంటారు. మీకు ఏమీ కనిపించకపోయినా డాక్టరుకి చూపించండి, మీ కన్ను ఆయన కన్నూ ఒకటి కాదు.

వెళ్లడానికి ఒప్పించేటప్పుడు క్యాన్సర్ మాట ఎత్తకండి, చుట్ట మానిపించడానికి తీసుకెళ్తున్నామని అస్సలు అనకండి. ‘పాపకు చూపించాలి, తోడుగా రండి, మీరూ ఒకసారి నోరు చూపించుకుందురు’ అంటే వస్తారు. మనవరాలి కోసం ఆస్పత్రికి రాని నాయనమ్మని నేనింకా చూడలేదు. ముందే మీరు డాక్టరుకి ఫోన్ చేసి, ఆవిడ అడ్డపొగ తాగుతారని, అంగిలి ప్రత్యేకంగా చూడమని చెప్పి ఉంచండి.

అక్కడ అనుమానం వచ్చి ముక్క తీసి పరీక్షకు పంపుదామంటే వెంటనే ఒప్పుకోండి. ముక్క తీస్తే క్యాన్సర్ పాకిపోతుందన్న భయంతో నెలలు జారవిడిచినవాళ్లే చివరికి ఎక్కువ నష్టపోతారు. పాకించేది ఆలస్యం, ముక్క కాదు. విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అక్కడిదాకా వెళ్లాల్సి వస్తే ప్రభుత్వ వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవలో ఆ చికిత్సకు ఏర్పాటు ఉందేమో ఆ పథకం కార్డు పట్టుకుని ఆసుపత్రిలో అడగండి. అంగిలి మీద తెల్లదనం మాత్రమే ఉండి పుండు, ఎరుపు లేకపోతే, చుట్ట మానేస్తే చాలామందిలో అది తగ్గుముఖం పడుతుంది.

మానడం ఆ వయసులో సులువు కాదు. పూర్తిగా ఆపేదాకా కనీసం నిప్పు కొస బయటికి తిప్పి తాగమంటే సరిపోతుందా అని మీరు అడగవచ్చు. అంగిలికి వేడి తగ్గుతుంది గానీ పొగాకు పొగాకే, దాన్ని మందుగా చెప్పకండి. 1800-11-2356 అనే జాతీయ పొగాకు క్విట్‌లైన్ ఉంది, డబ్బులు పడవు. మొదటిసారి మీరే మాట్లాడి, ఆవిడ రోజుకు ఎన్ని చుట్టలు తాగుతారో, ఏ వేళల్లో తప్పనిసరిగా కావాలంటారో చెప్పి సలహా తీసుకోండి. ఆవిడతో పాటు అడ్డపొగ తాగే మిగతా ఆడవాళ్లు అరుగు మీద ఉంటారు కదా, డాక్టరు నోరు చూశాక ఏమన్నాడో వాళ్లకు ఆవిడనే చెప్పనివ్వండి. వాళ్లలో ఎవరైనా వస్తామంటే వాళ్లనూ వెంటబెట్టుకెళ్లండి.